డయాజెపామ్ ఇస్తే హాట్ ప్లేట్ మీద టైమ్ పెరుగుతోంది. నొప్పి తగ్గినట్టేనా?

ఎంఫార్మ్_రెండో_ఏడు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. 25–30 గ్రాముల స్విస్ ఆల్బినో మగ చిట్టెలుకల్లో డయాజెపామ్ (ఆందోళన తగ్గించే బెంజోడయాజెపిన్ తరగతి మందు) నొప్పి మీద ఏం చేస్తుందో చూస్తున్నాం. ఆంప్యూల్ మందును సెలైన్‌లో కలిపి 1, 2, 4 మి.గ్రా./కిలో చొప్పున పొట్టలోకి ఇచ్చి, 30 నిమిషాలు ఆగి పరీక్ష చేస్తున్నాం. హాట్ ప్లేట్ (వేడి పళ్లెం మీద పెట్టి, కాలు నాకేదాకా టైమ్ చూడటం) 55 డిగ్రీలు, కటాఫ్ (జవాబు రాకపోయినా తీసేసే టైమ్) 20 సెకన్లు. తోకను వేడినీళ్లలో ముంచే పరీక్ష కూడా 55 డిగ్రీల దగ్గరే. మూడోది, 0.6 శాతం అసిటిక్ ఆసిడ్ పొట్టలోకి ఇచ్చి, ఆ నొప్పికి ఒళ్లు మెలికలు తిప్పడాన్ని లెక్కపెట్టడం.

హాట్ ప్లేట్ మీద 2, 4 డోసుల్లో టైమ్ పెరిగింది. తోక పరీక్షలో తేడా లేదు. మెలికలు మూడు డోసుల్లోనూ తగ్గాయి. అసలు చిక్కు ఇంకోటి ఉంది. ఒక బ్యాచ్‌ని ఎలివేటెడ్ ప్లస్ మేజ్ (ఆందోళన కొలవడానికి ఎత్తులో పెట్టే ప్లస్ ఆకారపు దారి) అయిన వెంటనే హాట్ ప్లేట్ మీద పెట్టాం. అందులో 1 మి.గ్రా. డయాజెపామ్ తీసుకున్నవి సెలైన్ వాటికంటే ముందే కాలు నాకాయి!

ఒకే మందు ఒకచోట నొప్పి తగ్గించి, ఇంకోచోట పెంచి, మరోచోట ఏమీ చేయకపోవడం ఎలా? థీసిస్‌లో "డయాజెపామ్‌కు అనాల్జెసిక్ (నొప్పి తగ్గించే) గుణం ఉంది" అని రాయొచ్చా? దయచేసి వివరంగా చెప్పండి.

---

నొప్పి_ల్యాబ్

ఇప్పుడున్న డేటాతో రాయొద్దమ్మా. మీ ఫలితాలన్నీ నిజమే అయ్యుండొచ్చు, ఒకదానితో ఒకటి గొడవ పడేవీ కావు. మనం కొలిచేది నొప్పిని కాదు, నొప్పికి జంతువు ఇచ్చే జవాబుని. ఆ జవాబు రావాలంటే నొప్పి తెలియాలి, కండరం కదలాలి, కదలాలనీ అనిపించాలి. డయాజెపామ్ ఈ మూడింటి మీదా పనిచేయగలదు. ఏ పరీక్షలో ఏది బయటపడుతుందో విడదీసుకుంటే చిక్కు విడిపోతుంది.

ముందు హాట్ ప్లేట్. 1944లో వుల్ఫ్, మెక్‌డొనాల్డ్ మొదలుపెట్టి, 1953లో ఎడ్డీ, లైంబాక్ సరిచేసిన ఈ పరీక్షలో వెనక కాలు నాకడం, విదిలించడం, ఎగరడం అనేవి మెదడు దాకా వెళ్లి వచ్చే జవాబులు. అందుకే మత్తు ఇక్కడ సూటిగా అడ్డుపడుతుంది. వీడియో ఉంటే 4 మి.గ్రా. చిట్టెలుకను మళ్లీ చూడండి. నాలుగు కాళ్లూ వెడల్పుగా పరుచుకుని, పొట్ట కిందికి దిగి ఉంటుంది. వేడికి వెనక కాలు లేపుతుంది, కానీ నోటిదాకా తెచ్చుకోలేక పక్కకి ఒరిగి మళ్లీ దించేస్తుంది. స్టాప్‌వాచ్ పట్టుకున్నవాళ్లు "ఇంకా నాకలేదు" అని ఆగుతారు. ఆ సెకన్లన్నీ మీ గ్రాఫులో అనాల్జీసియాగా ఎక్కుతున్నాయి. నాకడం ఒక్కదాన్నే కాకుండా మొదటిసారి కాలు లేపి విదిలించిన క్షణాన్ని కూడా వేరే కాలమ్‌లో రాయండి. రెండింటి మధ్య దూరం డోసుతో పాటు పెరుగుతుంటే అది కండరాల సంగతి. ముందు కాళ్లు నాకడాన్ని లెక్కలోకి తీసుకోకండి, ఒళ్లు శుభ్రం చేసుకునేటప్పుడూ అవి అదే పని చేస్తాయి.

తోక పరీక్ష అలా కాదు. 1941లో డామోర్, స్మిత్ దీపం వేడితో పెట్టిన తోక విదిలింపైనా, మీ వేడినీళ్లదైనా, వెన్నుపాము రిఫ్లెక్స్. వెన్నుపాముని పైన తెంచేసినా ఆ విదిలింపు ఉంటుంది. అక్కడ తేడా రాలేదంటే, మామూలు జంతువులో మామూలు వేడి నొప్పిని ఈ డోసుల డయాజెపామ్ వెన్నుపాము దగ్గర ఆపడం లేదనే అర్థం.

మెలికల పరీక్షని ఒంటరిగా ఎప్పుడూ నమ్మకండి. కోస్టర్ బృందం 1959లో పెట్టిన ఈ పరీక్ష చాలా సున్నితం, కానీ గురి తక్కువ. కండరాలు సడలించే మందులు, మత్తు మందులు ఏవైనా ఇందులో మెలికలు తగ్గిస్తాయి. పొట్ట కండరం బిగబట్టి ఒళ్లు సాగదీస్తేనే కదా మెలిక. బెంజోడయాజెపిన్ చేసే పనే కండరం సడలించడం.

కాబట్టి రోటారోడ్ (తిరిగే కడ్డీ మీద ఎంతసేపు పడకుండా నిలుస్తుందో చూసే పరీక్ష) లేకుండా ఈ అధ్యాయం నిలవదు. ముందురోజు తర్ఫీదు ఇచ్చి, మూడు నిమిషాలు నిలబడిన చిట్టెలుకలనే తీసుకోండి. స్పీడ్ 15–20 ఆర్‌పీఎం మధ్య ఒకటి పెట్టుకుని మార్చకండి. అవే డోసులు, అదే 30 నిమిషాలు. పడిపోవడం మొదలయ్యే డోసు, హాట్ ప్లేట్ టైమ్ పెరిగే డోసు ఒకటే అయితే "అనాల్జెసిక్" అన్న మాట పక్కన పెట్టేయాలి. చిట్టెలుకల్లో ఆందోళన తగ్గడం 0.5–2 మి.గ్రా. మధ్య కనిపిస్తుంది. పైకి వెళ్లేకొద్దీ తూలడం కలుస్తుంది. మీ 4 మి.గ్రా. గ్రూపు నొప్పి గురించి చెప్పేది చాలా తక్కువ. దాని బదులు 0.5 పెట్టండి.

ఇంకో పొరపాటు చాలా థీసిస్‌లలో కనిపిస్తుంది. అదే జంతువుని 30, 60, 90, 120 నిమిషాలకు ప్లేటు మీద పెడతారు. రెండోసారికే అది నేర్చేసుకుంటుంది, సెలైన్ గ్రూపు టైమ్ దానంతటదే పడిపోతుంది. అప్పుడు మందు గ్రూపు పెరగకపోయినా పెరిగినట్టు కనిపిస్తుంది. డయాజెపామ్ జ్ఞాపకాన్ని కూడా దెబ్బతీస్తుంది కాబట్టి మందు గ్రూపు నేర్చుకోదు, తేడా ఇంకా పెద్దదవుతుంది. హాట్ ప్లేట్‌ని మందు తర్వాత ఒక్కసారికే పరిమితం చేయండి.

---

ప్రవర్తన_శాస్త్రం

పైన మేడమ్ చెప్పినదానికి నాలుగో ఫలితం, అంటే మేజ్ తర్వాతిదాని గురించి కలుపుతాను. ఈ టాపిక్‌లో అసలు సరుకు అక్కడే ఉంది.

భయపడిన జంతువుకి నొప్పి తక్కువ తెలుస్తుంది. పిల్లి ఎదురుగా ఉంటే కాలి గాయాన్ని నాకుతూ కూర్చునే ఎలుక బతకదు. భయం పుట్టగానే మెదడులో భయాన్ని పట్టే అమిగ్డలా నుంచి మధ్యమెదడులోని పెరి అక్విడక్టల్ గ్రేకి, అక్కణ్ణుంచి వెన్నుపాముకి నొప్పిని అణిచే సంకేతాలు దిగుతాయి. దీన్నే ఒత్తిడి వల్ల కలిగే అనాల్జీసియా అంటారు. ప్లస్ మేజ్ మీద ఐదు నిమిషాలు గడపడమే చిట్టెలుకలో దీన్ని పుట్టిస్తుంది. అంటే మేజ్ దిగిన మీ సెలైన్ చిట్టెలుకలు మామూలువి కావు, సగం మొద్దుబారి ప్లేటు ఎక్కాయి. డయాజెపామ్ తీసుకున్నవి మేజ్ మీద అంత భయపడలేదు, అందుకే మొద్దుబారలేదు, ముందే కాలు నాకాయి. మందు నొప్పి పెంచలేదు. భయం కప్పిన దుప్పటిని తీసేసింది, అంతే.

దీనికి పాత ఆధారం గట్టిది. ఫాన్సెలో, బాక్స్ 1982లో పాదంలో నొప్పి పుట్టించే ఫార్మాలిన్‌తో చూపించారు. పాదంలో ఫార్మాలిన్ ఉన్న ఎలుకని, గతంలో షాక్ తిన్న పెట్టెలో పెడితే అది కాలు నాకడం మానేసి బిగుసుకుపోతుంది. నాలోక్సోన్ లాంటి ఓపియాయిడ్ అడ్డుమందులు ఆ అనాల్జీసియాని తీసేస్తాయి. 1988లో ఫాన్సెలో, హెల్మ్‌స్టెటర్ బెంజోడయాజెపిన్లు బిగుసుకుపోవడాన్నీ ఆ అనాల్జీసియానీ రెండింటినీ తగ్గిస్తాయని చూపారు. 1993లో హెల్మ్‌స్టెటర్ డయాజెపామ్‌ని నేరుగా అమిగ్డలాలోకే ఇచ్చి అదే ఫలితం రాబట్టారు. ఇక్కడ గమనించండి, మత్తు వల్లే అయితే కాలు నాకడం ఇంకా తగ్గాలి. పెరిగింది. మత్తు అనే అనుమానం తనంతట తానే తొలగిపోయే అరుదైన డిజైన్ ఇది, అందుకే నాకు దీని మీద అంత గురి.

అయితే ప్రతి ఒత్తిడీ నొప్పి తగ్గించదు. ఎదుటే ఉన్న ముప్పు వల్ల పుట్టే భయం నొప్పిని అణుస్తుంది. ఏం జరుగుతుందో తెలియని, రోజుల తరబడి సాగే ఆందోళన నొప్పిని పెంచుతుంది. బలమైన ఎలుక చేతిలో పదేపదే ఓడిన ఎలుకల్లో 2005లో ఆండ్రే బృందం చూపింది ఇదే. అక్కడ కోలిసిస్టోకైనిన్ అనే మెదడు రసాయనం నొప్పిని పెంచుతుంది, క్లోర్‌డయాజెపాక్సైడ్ అనే బెంజోడయాజెపిన్ ఆ పెరుగుదలని ఆపుతుంది. అంటే ఒకే తరగతి మందు మొదటి పరిస్థితిలో నొప్పి పెంచినట్టు, రెండో పరిస్థితిలో తగ్గించినట్టు కనిపిస్తుంది. మందు చేసింది మాత్రం రెండుచోట్లా ఆందోళన తగ్గించడమే.

మీరు ఒత్తిడి అనుకోనివి కూడా ఒత్తిడే. తోకని బయటికి లాగి గొట్టంలో బిగించడం ఒత్తిడి, కాబట్టి మూడు రోజులు ముందుగా, రోజుకి పది నిమిషాలు ఆ గొట్టానికి అలవాటు చేయండి. తోక పట్టుకుని ఎత్తడం ఆందోళన పెంచుతుందని హర్స్ట్, వెస్ట్ 2010లో చూపారు. దోసిట్లోకి తీసుకోండి, లేదా గొట్టంలోకి నడిపించి ఎత్తండి. మగవాళ్లు దగ్గరుంటే చాలు, ఆ వాసనకే ఎలుకల్లో, చిట్టెలుకల్లో ఒత్తిడి అనాల్జీసియా పుడుతుందని మెక్‌గిల్ యూనివర్సిటీలో మోగిల్ బృందం 2014లో ప్రచురించింది. ఉదయం సెలైన్ గ్రూపుని ఒకరు, మధ్యాహ్నం డయాజెపామ్ గ్రూపుని మరొకరు చేస్తే మీరు కొలిచేది మందుని కాదు, మనిషిని.

ప్లస్ మేజ్‌కీ ఒక నియమం ఉంది. అదే జంతువుని రెండోసారి మేజ్ ఎక్కిస్తే బెంజోడయాజెపిన్ ప్రభావం కనిపించదు. కాబట్టి మేజ్‌కి ఒక గుంపు, నొప్పికి ఇంకో గుంపు. కలిపితే కావాలనే, ఒక ప్రశ్న కోసమే కలపాలి.

---

ఎంఫార్మ్_రెండో_ఏడు

సర్, మేడమ్, చాలా థ్యాంక్స్. మేజ్ ఫలితం తప్పు అనుకుని తీసేద్దామనుకున్నాం. ఒక సందేహం. 4 మి.గ్రా. డోసుకి కలిపేటప్పుడు సెలైన్ పాలలా తెల్లబడుతోంది, 1 మి.గ్రా.కి అంతగా కాదు. కంట్రోల్ గ్రూపుకి ఉత్త సెలైన్ ఇచ్చాం. దీనివల్ల ఫలితం మారుతుందా?

---

ఫార్ములేషన్_బెంచ్

మారుతుంది, అది కూడా డోసుకో రకంగా.

డయాజెపామ్ నీళ్లలో మిల్లీలీటరుకి సుమారు 0.05 మి.గ్రా. మాత్రమే కరుగుతుంది. ఆంప్యూల్‌లో 5 మి.గ్రా./మి.లీ. నిలబడుతోందంటే అందులో సాధారణంగా 40 శాతం ప్రొపిలీన్ గ్లైకాల్, 10 శాతం ఆల్కహాల్ ఉండబట్టే. సెలైన్ పోయగానే ఆ ఆసరా పోయి మందు బయటికొస్తుంది, ఆ తెలుపు అదే. 10 మి.లీ./కిలో చొప్పున ఇస్తున్నారనుకుంటే 4 మి.గ్రా.కి 0.4 మి.గ్రా./మి.లీ. కావాలి, అంటే పన్నెండున్నర రెట్ల పలచన. 1 మి.గ్రా.కి యాభై రెట్లు. మొదటిదాంట్లో గ్లైకాల్ 3.2 శాతం మిగులుతుంది, రెండోదాంట్లో 0.8. మందుతో పాటు వెహికల్ (మందుని మోసే ద్రవం) కూడా నాలుగు రెట్లు మారుతోంది, కంట్రోల్‌లో అసలే లేదు. పైగా సిరంజి అడుగున పేరుకున్న రేణువుల వల్ల ఒక చిట్టెలుకకి తక్కువ, ఇంకోదానికి ఎక్కువ వెళ్తుంది. పొట్టలోకి వెళ్లిన రేణువులు మెల్లగా కరుగుతాయి, లోపల రాపిడి కూడా. మెలికల పరీక్షకి ఇంతకంటే చెడ్డ వెహికల్ లేదు.

పొడి మందు తెచ్చుకుని సస్పెన్షన్ చేయండి. 10 మి.గ్రా. డయాజెపామ్‌ని చిన్న కల్వంలో రెండు చుక్కల ట్వీన్ 80తో (పొడిని తడిపే పదార్థం) ముద్దలా నూరండి. తొందరపడితే తెల్లటి పొడి నురగ మీద తేలుతుంది, ముద్ద నిగనిగలాడేదాకా నూరాలి. తర్వాత 0.5 శాతం సీఎంసీని (కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ అనే చిక్కటి ద్రావణం) కొద్దికొద్దిగా కలుపుతూ 25 మి.లీ.కి తెండి. ఇది 0.4 మి.గ్రా./మి.లీ. దీన్ని అదే వెహికల్‌తో సగానికి సగం కలిపితే 0.2, ఇంకోసారి 0.1, ఇంకోసారి 0.05. అన్ని డోసులకీ 10 మి.లీ./కిలోనే ఇవ్వండి, 25 గ్రాముల చిట్టెలుకకి 0.25 మి.లీ. ప్రతిసారీ సిరంజి నింపేముందు బాగా ఊపండి. ఏ రోజుది ఆ రోజే చేసి, వెలుతురు తగలకుండా పెట్టండి. కంట్రోల్‌కి అదే సీఎంసీ, అదే లెక్కలో ట్వీన్.

పొడి దొరకడం కష్టమైతే, డయాజెపామ్ ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల) చట్టం కింద ఉన్న మందు కాబట్టి కాగితాలు పడతాయి, అదే తరగతికి చెందిన మిడాజొలామ్ ఇంజెక్షన్ గురించి ఆలోచించండి, అదీ ఆ చట్టం కిందిదే అనుకోండి. అది ఆమ్లంగా ఉన్న నీళ్లలో కరుగుతుంది, గ్లైకాల్ అవసరం లేదు. కానీ ప్రభావం తొందరగా దిగిపోతుంది, 30 నిమిషాలు ఆగితే ఆలస్యమవుతుంది.

---

వెన్నుపాము_గ్రూప్

"అయితే డయాజెపామ్ నిజంగా ఏ నొప్పినీ తగ్గించదా?" అన్న ప్రశ్న మిగిలింది. తగ్గిస్తుంది, కానీ మీరు వెతుకుతున్న చోట కాదు.

గాబా అనేది నరాలని శాంతపరిచే రసాయనం. అది పట్టుకునే గాబా-ఏ రిసెప్టర్లలో డయాజెపామ్ కూడా పట్టుకునేవి ఆల్ఫా-1, 2, 3, 5 అనే ముక్కలు ఉన్న రకాలు. ఆల్ఫా-1 మత్తు, ఆల్ఫా-2 ప్రధానంగా ఆందోళన తగ్గడం. ఒక్కో ఆల్ఫాలో హిస్టిడిన్ అనే ఒక అమైనో ఆమ్లాన్ని ఆర్జినిన్‌గా మారిస్తే డయాజెపామ్ అక్కడ పట్టుకోలేదు, గాబా మాత్రం ఎప్పటిలా పనిచేస్తుంది. అలాంటి చిట్టెలుకలతో జూరిక్‌లో జైల్‌హోఫర్ బృందం 2008లో చేసిన పనిలో, వెన్నుపాములోకి ఇచ్చిన డయాజెపామ్ వాపు వల్లా నరం దెబ్బ వల్లా పెరిగిన నొప్పిని తగ్గించింది. ఆరోగ్యంగా ఉన్న పాదం వేడికిచ్చే జవాబుని మార్చలేదు. ఆల్ఫా-2 మార్చిన చిట్టెలుకల్లో ఆ లాభం బాగా పడిపోయింది, ఆల్ఫా-3 పాత్ర దాని తర్వాతది. మీ తోక పరీక్ష ఖాళీగా రావడానికి కారణం ఇదే. దెబ్బ తగలని వెన్నుపాములో తిరిగి నిలబెట్టాల్సిన నిరోధం (నొప్పి సంకేతాలకి అడ్డు) ఏదీ లేదు.

కాబట్టి వాపు మోడల్ ఒకటి పెట్టండి. పాదంలోకి వాపు తెచ్చే కారాజీనన్ 1 శాతం, 20 మైక్రోలీటర్లు, మూడు నాలుగు గంటల తర్వాత వాన్ ఫ్రే వెంట్రుకలతో (ఇంత బరువుతో అని తెలిసిన, గుచ్చి చూసే సన్నని తీగలు) రెండు పాదాలూ చూడండి. వాచిన పాదం థ్రెషోల్డ్ (కాలు లాక్కోవడానికి కావాల్సిన కనీస ఒత్తిడి) మాత్రమే పెరిగి, మంచి పాదం మారకపోతే అది మత్తు కాదు, ఎందుకంటే మత్తు రెండు కాళ్లకీ సమానం. ఈ ఒక్క పోలిక మీ థీసిస్‌కి పది గ్రాఫులంత బలం.

బెంజోడయాజెపిన్లకి అడ్డుమందు అయిన ఫ్లుమాజెనిల్ 10 మి.గ్రా./కిలో తప్పకుండా పెట్టండి. దాని ప్రభావం త్వరగా దిగిపోతుంది, కాబట్టి డయాజెపామ్‌తో పాటు కాకుండా పరీక్షకి 10–15 నిమిషాల ముందు ఇవ్వాలి. వాపు తగ్గడాన్ని ఫ్లుమాజెనిల్ ఆపకపోతే భయపడకండి. ఎక్కువ డోసుల్లో డయాజెపామ్ మైటోకాండ్రియా మీదున్న టీఎస్‌పీవో అనే చోట కూడా పట్టుకుంటుంది, ఫ్లుమాజెనిల్ అక్కడికి వెళ్లదు.

మార్ఫిన్‌తో కలిపే ఆలోచన ఉంటే ఒక హెచ్చరిక. వెన్నుపాములో బెంజోడయాజెపిన్ మార్ఫిన్‌కి తోడవుతుంది, మెదడులో దానికి ఎదురు పోతుంది. కారణం పెరి అక్విడక్టల్ గ్రేలోనే ఉంది. అక్కడ గాబాని అణిచి మార్ఫిన్ కిందికి దిగే నిరోధాన్ని విడుదల చేస్తుంది, బెంజోడయాజెపిన్ అదే గాబాకి బలమిస్తుంది. పొట్టలోకి ఇస్తే రెండూ ఒకేసారి జరుగుతాయి.

---

నొప్పి_ల్యాబ్

వేరే ఆందోళన మందుతో పోల్చమని గైడ్ అడుగుతారు, అప్పటికి రెండు మాటలు. బుస్పిరోన్ కండరాలని బెంజోడయాజెపిన్‌లా సడలించదు, అది మేలు. కానీ దానిలా 5-హెచ్‌టీ1ఏ అనే సెరొటోనిన్ రిసెప్టర్ మీద పనిచేసే మందులతో ఎలుకల్లో వేడి తగలకుండానే తోక విదిలింపులు రావచ్చు, ఒళ్లు నేలకి పరుచుకుని పడుకోవచ్చు. తోకకి వేడి తగిలించకముందు అర నిమిషం దాన్ని ఊరికే చూడండి. ప్రీగాబాలిన్‌కి యూరప్‌లో ఆందోళన చికిత్సకీ అనుమతి ఉంది, కానీ అది కాల్షియం చానెల్ ఆల్ఫా2-డెల్టా ద్వారా నొప్పి మీదే నేరుగా పనిచేస్తుంది. "ఆందోళన తగ్గింది కాబట్టి నొప్పి తగ్గింది" అని దానితో నిరూపించలేరు.

తోక ఉష్ణోగ్రత కూడా రాయండి. డయాజెపామ్ ఒంటి వేడిని తగ్గిస్తుంది. చల్లని తోక నొప్పి పుట్టే వేడికి చేరడానికి ఎక్కువసేపు పడుతుంది, అది లేటెన్సీలో (జవాబుకి పట్టిన టైమ్‌లో) కలుస్తుంది. వేసవిలో ఏసీ ఆగిన మధ్యాహ్నం చేస్తే తేడా ఎదురుదిశలో వస్తుంది.

ముఖకవళికల స్కోరు (ఫొటోలో ముఖం చూసి నొప్పిని అంచనా వేయడం) వాడాలనుకుంటే జాగ్రత్త. మత్తులో సగం మూసుకున్న కన్ను, నొప్పితో బిగించిన కన్ను ఫొటోలో ఒకేలా ఉంటాయి. అక్కడ డయాజెపామ్ నొప్పి పెంచినట్టు తేలుతుంది.

---

ఎంఫార్మ్_రెండో_ఏడు

చివరి ప్రశ్న. లెక్కలో కటాఫ్ చేరిన జంతువులని ఏం చేయాలి? ఇవన్నీ మళ్లీ చేయాలంటే ఏ వరసలో వెళ్లాలి?

---

ప్రవర్తన_శాస్త్రం

గరిష్ఠ ప్రభావ శాతం వాడండి: పరీక్ష టైమ్ నుంచి బేస్‌లైన్ తీసేసి, కటాఫ్ నుంచి బేస్‌లైన్ తీసేసినదానితో భాగించి, 100తో గుణించాలి. బేస్‌లైన్ 6, మందు తర్వాత 13, కటాఫ్ 20 అయితే 7 భాగించు 14, అంటే 50 శాతం. ప్లేటు మీద బేస్‌లైన్ ముందురోజే తీయండి, పైన చెప్పిన నేర్చుకోవడం గుర్తుంది కదా. 20 దగ్గర ఆపేసిన జంతువుకి నిజంగా ఎంతో మనకి తెలియదు, కాబట్టి అలాంటివి ఎక్కువైతే సగటు, అనోవా (గుంపుల సగటులని పోల్చే లెక్క) కుదరవు. సర్వైవల్ అనాలిసిస్ (జవాబు రాకుండానే ఆపేసిన వాటినీ కలుపుకునే లెక్క) చేయండి, లేదా ర్యాంకుల పరీక్ష. కటాఫ్‌ని మాత్రం పెంచకండి, పాదం కాలుతుంది.

వరస ఇలా పెట్టుకోండి. కొత్త వెహికల్‌తో ముందు రోటారోడ్, అక్కడ తూలని డోసులే మిగతావాటికి. తర్వాత విడి గుంపులో ప్లస్ మేజ్, ఆ డోసు నిజంగా ఆందోళన తగ్గిస్తోందని తేల్చడానికి. ఆ తర్వాత కారాజీనన్, వాన్ ఫ్రే, ఫ్లుమాజెనిల్‌తో. చివరగా మేజ్ తర్వాత హాట్ ప్లేట్, ఈసారి కావాలనే నాలుగు గుంపులతో: మేజ్ ఉన్నవి, లేనివి, వాటిలో మందు ఉన్నవి, లేనివి. మేజ్ లేని గుంపులో 1 మి.గ్రా. ఏ తేడా చూపకుండా, మేజ్ ఉన్న గుంపులో టైమ్‌ని మేజ్ లేని స్థాయికి, అంటే ఇంటి పంజరం నుంచి నేరుగా వచ్చిన వాటి స్థాయికి దించితే మీ ప్రశ్నకి జవాబు దొరికినట్టే. మెలికల పరీక్ష వదిలేయండి, అది కొత్తగా ఏమీ చెప్పదు, జంతువులని బాధపెట్టడం తప్ప.

మత్తులో ఉన్న చిట్టెలుకని చూడగానే ఏ గ్రూపో తెలిసిపోతుంది, అందుకే వీడియో తీసి, గ్రూపు తెలియని స్నేహితులతో టైమ్ రాయించండి. కారాజీనన్, ఫ్లుమాజెనిల్ మీ పాత ఫారం-బిలో (జంతు ప్రయోగాల అనుమతి దరఖాస్తు) లేవు కాబట్టి ఎథిక్స్ కమిటీ దగ్గర సవరణ ఆమోదం వచ్చాకే మొదలుపెట్టాలి. వదిలేసిన మెలికల గుంపులు, 4 మి.గ్రా. గుంపుల లెక్క ఆ దరఖాస్తులో చూపించండి, అడిగే జంతువుల సంఖ్య అంతగా పెరగదు.